రూము ఉండాదా సామీ?

తిరుపతిలో గోవింద నామం తర్వాత ఎక్కువగా వినిపించే మాట ఇదే. రైలు దిగి స్టేషను బయటికి వస్తూ అడుగుతారు, బస్టాండులో సంచులు దించుకుంటూ అడుగుతారు, గోవిందరాజస్వామి గుడి ముందర చెప్పులు వెతుక్కుంటూ కూడా అడుగుతారు. కొండమీద రోజుకు 60, 70 వేలమంది దర్శనం చేసుకోవడం మామూలైపోయిన ఊరు ఇది. కింద నడుం వాల్చడానికి నాలుగు గోడలు దొరికితే సగం దర్శనం అయినట్టే లెక్క.

ఈ ప్రశ్నకు లాడ్జీల్లో మూడు జవాబులుంటాయి. 'ఉండాది' అంటే రేటు పెరిగిందని అర్థం. 'లేదు' అంటే అడిగినాయన వాలకం మేనేజరుకు నచ్చలేదని అర్థం. 'గంటాగి రాండి' అంటే మాత్రం లోపల నిజంగానే ఏదో జరుగుతా ఉందని అర్థం. రూము ఖాళీ అవుతా ఉంది, ఇంకా ఊడవలేదు, ఇంకొకాయన అడ్వాన్సు కోసం ఏటీఎంకు పోయినాడు, వస్తాడో రాడో తెలీదు. నా బతుకుతెరువంతా ఈ మూడో జవాబు మీదే నడుస్తోంది. నేను ప్రోగ్రాములు రాస్తాను. ఒకే రూమును ఒకే క్షణంలో ఇద్దరు అడిగితే ఎవరికివ్వాలి, రెండో ఆయన్ను ఎట్లా ఆపాలి, ఎంతసేపు ఆపాలి అన్నది తేల్చడం నా పనిలో పెద్ద భాగం. ఇంట్లో మాత్రం 'కంప్యూటరు పని' అంటారు. పెళ్లి సంబంధాలప్పుడు అది చాలింది.

కొంచెం లోపలి సంగతి చెప్పాలి. డేటాబేసులో రూము అంటే పట్టికలో ఒక వరస. నంబరు, అంతస్తు, ఏసీ ఉందా లేదా, ఖాళీయా కాదా. జావా భాషలో రాసిన ప్రోగ్రాముకు ఈ వరస ఉన్నదున్నట్టుగా పనికిరాదు, ఆబ్జెక్టుగా చేసి ఇవ్వాలి. అందుకని మధ్యలో ఒక దళారి ఉంటాడు. వరసను తెచ్చి ఆబ్జెక్టు చేసి ప్రోగ్రాము చేతిలో పెట్టడం, పని అయినాక మార్పులను మళ్లీ వరసలో రాయడం అతని ఉద్యోగం. 2001లో గావిన్ కింగ్ మొదలుపెట్టిన హైబర్నేట్ ఈ దళారుల్లో పేరుమోసింది. దళారి అనగానే తిరుపతిలో జేబులు తడుముకుంటారు గానీ, ఈయన కమిషను అడగడు. మెమరీ మాత్రం బాగా తింటాడు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆయన తెచ్చి చేతిలో పెట్టేది అసలు వరస కాదు, దాని నకలు. అసలు డేటాబేసులోనే ఉంటుంది.

మాకు మామ వరసయ్యే ఒకాయనకు స్టేషను దగ్గర లాడ్జి ఉంది. వాళ్ల నాయన కాలంలో అక్కడ కంప్యూటరూ లేదు, నకళ్లూ లేవు. మేనేజరు వీపు వెనక గోడకు ఒక చెక్క పలక, పలకకు వరసగా మేకులు, ఒక్కో మేకు కింద పసుపు రంగు పెయింటుతో నంబరు. ప్రతి తాళంచెవికీ అరచేతి మందాన ఇత్తడి బిళ్ల. జేబులో వేసుకుని ఎవరూ కొండెక్కకుండా కావాలనే అంత బరువు చేయించినారట. అయినా మరిచిపోయి కొండమీదికి మోసుకుపోయి, అరికాళ్ల నొప్పులకు ఆ బిళ్ల బరువే కారణమని తిరిగొచ్చి పోట్లాడినవాళ్లున్నారు. మేనేజరు కుర్చీలో నుంచి లేవకుండా మెడ తిప్పి చూసేవాడు. మేకుకు చెవి వేలాడుతుంటే రూము ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఒకే చెవిని ఇద్దరి చేతుల్లో పెట్టడం ఆ బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు కాబట్టి, ఆ పలక వేలాడినన్నాళ్లూ ఒక రూమును ఇద్దరికిచ్చిన పాపం ఆ లాడ్జికి అంటలేదు.

తర్వాత కంప్యూటరు వచ్చింది. బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ప్రోగ్రాము రాసి, టెస్టింగు పేరుతో వారం రోజులు ఏసీ రూములో ఉండి, కొండకు పోయి గుండు చేయించుకుని వెళ్లిపోయినాడు. ప్రోగ్రాము బాగానే రాసినాడు, అన్యాయంగా మాట్లాడకూడదు. ఎవరైనా 204 రూము తెరిస్తే, ఆ ప్రోగ్రాము తన మెమరీలో '204 నా చేతిలో ఉంది' అని ఒక గుర్తు పెట్టుకునేది. ఇంకో కిటికీలో నుంచి ఇంకొకరు 204ను అడిగితే ఆగమనేది. దీన్నే మెమరీలో పెట్టే లాకు అంటారు. డేటాబేసుకు ఈ సంగతే తెలీదు. తెలియాల్సిన పనీ లేదు, ఎందుకంటే ఆ లాడ్జికి ఆ ప్రోగ్రాము ఒక్కటే, ఆ ప్రోగ్రాముకు మెమరీ ఒక్కటే. పనీ చకచకా అయ్యేది. డేటాబేసు దాకా పోయి అడిగి రావడంతో పోలిస్తే సొంత మెమరీలో చూసుకోవడం వేల రెట్లు తొందర. కరెంటు పోతే మెమరీలోని గుర్తులన్నీ చెరిగిపోయేవి. అందులోనూ ఒక సుఖం ఉంది. ఎవరో పట్టుకుని వదలడం మరిచిన లాకులు కూడా కరెంటుతోపాటే పోయేవి. మా వైపు ఎండాకాలంలో కరెంటు కోతలు ఎన్ని ప్రోగ్రాములను ఇట్లా శుభ్రం చేసి కాపాడినాయో ఎవరూ లెక్క రాయలేదు.

మామకు వ్యాపారం పెరిగింది. రోడ్డు అవతల ఒక చిన్న గదిలో రెండో కౌంటరు తెరిచినాడు. అక్కడా ఒక కంప్యూటరు, అందులోనూ అదే ప్రోగ్రాము, రెండూ ఒకే డేటాబేసుకు తగిలించినవే. అంతటితో ఆగలేదు. రెండో కౌంటరు వాళ్లు రోడ్డు దాటి తాళంచెవుల కోసం రావడం కష్టమని, అన్ని రూములకూ డూప్లికేటు చెవులు చేయించి ఆ కౌంటరులోనూ ఒక పలక కొట్టించినాడు. మనిషి దూరదృష్టి గలవాడు. దగ్గరదే కొంచెం కనపడదు.

వైకుంఠ ఏకాదశి ముందు రోజుల్లో జరిగింది ఇది. 204లో నిజామాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, పొద్దున్నే గుండు చేయించుకుని, దర్శనం చేసుకుని కిందికి వచ్చి, స్నానం చేసి, నడుముకు తుండు చుట్టుకుని అద్దం ముందు నిలబడి గుండుకు చందనం పూసుకుంటున్నాడు. సగం గుండు పూర్తయింది. ఇంతలో తలుపులో చెవి తిరిగింది. కోలారు నుంచి వచ్చిన కొత్త పెళ్లికొడుకు, పెళ్లికూతురు, వాళ్ల వెనక అత్తామామలు, వాళ్ల వెనక స్టీలు క్యారియరు పట్టుకుని రూంబాయి లోపలికి వచ్చేసినారు.

"ఎవరయ్యా మీరు? గీ రూము మాది. పైసలు కట్టినం" అన్నాడు పెద్దాయన, ఒక చేత్తో తుండునూ ఇంకో చేత్తో చందనం గిన్నెనూ కాపాడుకుంటూ.

"లేదు సార్, ఇదో చూడండి, మాకిచ్చిన రసీదు" అన్నాడు పెళ్లికొడుకు.

రసీదులు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రూము నంబరు ఒకటే, తేదీ ఒకటే, టైము నిమిషంతో సహా ఒకటే. ఇంకా అన్యాయం, ఇద్దరి పేర్లూ ఏడుకొండలవాడివే. మా ఊరికి వచ్చేవాళ్లలో సగం మందికి ఆ స్వామి పేరే ఉంటుంది. పేరుతో వెతికి మనిషిని పట్టుకునే ప్రోగ్రాము రాసినవాడు తిరుపతి చూడనివాడై ఉండాలి.

పంచాయతీ మామ ముందుకు వచ్చింది. పాత కౌంటరు మేనేజరు చంద్రగిరి ఆయన. లాడ్జిలో పలక కాలం నుంచీ ఉన్న మనిషి. రెండో కౌంటరు కుర్రాడిది పీలేరు. ఒకరు చెప్పేది ఒకరు ఒప్పుకోరు.

"నేను చూసినప్పుడు ఖాళీ అనే ఉండాది సార్. నా కండ్లతో చూసినా."

"నా దాంట్లోనూ ఖాళీనే అనె. పెద్దోడివని నువ్వు ఏమన్నా చెప్తావా?"

మామకు మండింది. "అయితే పాండి ఇద్దరూ కాణిపాకానికి! కోనేట్లో మునిగి, వినాయకుడి ముందర ప్రమాణం చేద్దురు. ఎవురు అబద్ధమో ఆ సామే తేలుస్తాడు."

చిత్తూరు పక్కన 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాణిపాకం వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాలకు ప్రసిద్ధి. అప్పుల తగాదాలు, పొలం గట్ల గొడవలు మొదలుకుని రాజకీయ నాయకుల సవాళ్ల దాకా అన్నీ ఆ కోనేటి మెట్ల దాకా పోతాయి. నన్ను పిలిపించింది ఆ సందర్భంలోనే. రెండు ప్రోగ్రాములనూ తిరగేసి చూసి మామకు ఒకటే మాట చెప్పినాను. వాళ్లిద్దరినీ కాణిపాకం తీసుకుపోతే బస్సు చార్జీ దండగ. ఇద్దరూ మునుగుతారు, ఇద్దరూ ప్రమాణం చేస్తారు, ఇద్దరూ చెప్పేది నిజమే. వినాయకుడికి కూడా తీర్పు చెప్పడానికి వీలులేని కేసు ఇది.

"అదెట్లబ్బా?" అన్నాడు మామ.

ఇట్లా. తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ప్లాట్‌ఫారం మీద ఆగకముందే కిటికీలో నుంచి సీట్లో తువ్వాలు పడుతుంది. తువ్వాలు పడినదంటే సీటు అయిపోయినట్టే. ఆ మర్యాద తెలిసినవాళ్లలో దానిమీద కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండదు. కానీ అదే సీటులోకి అవతలి కిటికీలో నుంచి ఇంకొక తువ్వాలు పడితే? ఇటువాళ్లకు అటు తువ్వాలు కనపడదు, అటువాళ్లకు ఇటుది కనపడదు. ఇద్దరూ ధైర్యంగా వేరుశనక్కాయల పొట్లం కొనుక్కోవడానికి పోతారు. ఇంతలో రిజర్వేషను టికెట్టుతో మూడో ఆయన ఎక్కుతాడు. కండక్టరుకు తువ్వాళ్లతో పనిలేదు, తన చార్టులో ఉన్నది చూస్తాడు. మెమరీలో లాకు అంటే ఈ తువ్వాలే. దాన్ని చూడగలిగినవాళ్ల మధ్యనే దానికి విలువ. చంద్రగిరాయన ప్రోగ్రాము తన మెమరీలో తువ్వాలు వేసింది, పీలేరు కుర్రాడి ప్రోగ్రాము తన మెమరీలో తువ్వాలు వేసింది. రెండూ మెమరీలోని పాత నకలునే చూసి ఖాళీ అనుకున్నాయి. డేటాబేసు అనే కండక్టరును ఒక్కరూ అడగలేదు.

ఈ గోల కొత్తదేం కాదు. హైబర్నేట్ కంటే ముందు వచ్చిన క్యాస్టర్ అనే జావా దళారి దీనికి మూడు పద్ధతులు పెట్టుకుంది. షేర్డ్ అంటే అందరూ చదువుకోవచ్చు, మార్పులు రాసేముందు మాత్రం డేటాబేసులో వరస మనం చదివినట్టే ఉందో లేదో సరిచూసుకుంటుంది. ఎక్స్‌క్లూజివ్ అంటే తన మెమరీలో లాకు వేసి రెండో ట్రాన్సాక్షనును, అంటే రెండో లావాదేవీని, ఆపుతుంది. డీబీ లాక్డ్ అంటే నేరుగా డేటాబేసులోనే వరసకు తాళం వేయిస్తుంది. ఎక్స్‌క్లూజివ్ అనే పేరు విని మోసపోయినవాళ్లు చాలామంది. ఆ ఏకఛత్రాధిపత్యం ఆ ఒక్క క్యాస్టర్ గొడుగు కిందే. పక్కింట్లో ఇంకో క్యాస్టర్ నడుస్తుంటే, లేక ఎవరో కుర్రాడు నేరుగా డేటాబేసు తెరిచి వరస మారిస్తే, ఈ ఎక్స్‌క్లూజివ్‌కు కబురు కూడా అందదు.

మామ లాడ్జి సంగతి పక్కన పెడితే, ఇదే చిక్కు దేశం మొత్తానికీ వచ్చింది. రైల్వే రిజర్వేషను. కంప్యూటర్లు రాకముందు రైలుకొక రిజిస్టరు ఉండేది. ఆ రిజిస్టరు ఎవరి బల్ల మీద ఉంటే లాకు వాళ్లది. మన బెర్తు రాయించుకోవాలంటే ఆ గుమాస్తా కిటికీ ముందు క్యూలో నిలబడాలి, పక్క కిటికీ ఖాళీగా ఉన్నా లాభం లేదు. తిరుగు ప్రయాణం టికెట్టు కావాలంటే ఆ ఊరికి టెలిగ్రాం పోవాలి. టెలిగ్రాం పోయిందో లేదో, పోతే అందిందో లేదో, అందితే ఎవరైనా చదివినారో లేదో తెలియకుండానే ముందు ప్రయాణం అయిపోయేది. అందరూ ఒకే పుస్తకం కోసం కొట్టుకోకుండా స్టేషనుకు ఇన్ని బెర్తులని కోటా పంచేవాళ్లు. తిరుపతి కోటా అయిపోయిందని ఏడుస్తుంటే మధ్య స్టేషను కోటాలో బెర్తులు ఖాళీగా ఊరేగుతుండేవి.

1980లలో ఢిల్లీతో మొదలుపెట్టి, తర్వాత ముంబై, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదుల్లో కంప్యూటర్లు పెట్టినారు. ఐదూ ఐదు లంకలు. ఒక లంకలో జరిగేది ఇంకొక లంకకు తెలీదు. వాటిని కలపడానికి రైల్వేవాళ్ల సొంత సంస్థ క్రిస్ రాసిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేరు మొట్టమొదట నడిచింది మన సికింద్రాబాదులోనే, 1994 సెప్టెంబరులో. ఐదు కేంద్రాలనూ పూర్తిగా కలిపేసరికి 1999 ఏప్రిల్ అయింది. ఇందులో మెచ్చుకోవలసిన తెలివి ఒకటుంది. ఒకే రైలు లెక్కను ఐదుచోట్లా నకలు తీసి పెట్టుకోలేదు. ప్రతి రైలుకూ ఒక ఇల్లు పెట్టినారు. మీరు ఎక్కడ నిలబడి అడిగినా, ప్రశ్న ఆ ఇంటికే పోతుంది, తాళం అక్కడే పడుతుంది, జవాబు అక్కడినుంచే వస్తుంది. పద్మావతి కానీ, నారాయణాద్రి కానీ, కాచిగూడ నుంచి చిత్తూరు దాకా వచ్చే వెంకటాద్రి కానీ, ఒక బెర్తు గురించి మాట్లాడే హక్కు ఒక్క ఇంటికే. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ బుకింగు వచ్చి ఇంట్లో కూర్చుని టికెట్టు తీసే రోజులొచ్చినా ఆ పునాది కదల్లేదు.

ఇంకో విశేషం. ఆ లెక్కలు నడిచింది వీఎంఎస్ అనే పాతకాలపు సిస్టం మీద. 1980లలోనే దానికి ఒక విద్య తెలుసు. పక్కపక్కన కలిపిన యంత్రాలు లాకులను మెమరీలోనే ఉంచుకుని, ఎవరి దగ్గర ఏది ఉందో ఒకదానికొకటి చెప్పుకునేవి. అంటే మెమరీలో లాకు వేయడమే పాపమని కాదు. ఎవరికీ చెప్పకుండా వేయడం పాపం. మామ కౌంటర్ల మధ్య రోడ్డు వెడల్పు ఎంతని, ఒకరికొకరు కేక వేసి చెప్పుకున్నా సరిపోయేది. కానీ చంద్రగిరాయనకూ పీలేరు అబ్బోడికీ ఉగాది నుంచీ మాటల్లేవు.

రైల్వేవాళ్లు కనిపెట్టిన ఇంకో అద్భుతం ఆర్‌ఏసీ. సైడు లోయరు బెర్తు ఒకటి, మనుషులు ఇద్దరు. కంప్యూటరు పుస్తకాలు రాసిన మహానుభావులెవరికీ ఈ ఆలోచన రాలేదు. ఒక వస్తువుకు ఇద్దరు పోటీపడితే ఒకరిని ఆపాలని వాళ్లంతా పేజీలకు పేజీలు రాస్తే, మనవాళ్లు ఇద్దరినీ కూర్చోబెట్టి 'సర్దుకోండి' అన్నారు. కోలారు పెళ్లికొడుకుకూ నిజామాబాదు పెద్దాయనకూ ఈ సలహా చెప్పి చూసినాడు మామ. పెద్దాయన చందనం గిన్నె ఎత్తినాడు.

సరే, లాకును డేటాబేసులోకి మార్చినాను. వరసను చదివేటప్పుడే 'సెలెక్ట్ ఫర్ అప్‌డేట్' అంటే చాలు, డేటాబేసు ఆ వరసను మనకోసం పట్టి ఉంచుతుంది. మన ట్రాన్సాక్షను ముగిసేదాకా ఇంకెవరూ దాన్ని మార్చడానికి పట్టుకోలేరు. కౌంటర్లు రెండైనా, ఇరవైయైనా, ప్రోగ్రాము జావా అయినా ఇంకోటైనా, తాళం మాత్రం ఒక్కచోటే. నకలు ఎవరి దగ్గర ఉన్నా అసలు దగ్గరికి రావలసిందే. మామ సంతోషించినాడు. ఆ సంతోషం టిఫిను టైము దాకా ఉంది.

పీలేరు కుర్రాడు 204 తెరిచి, ఆధారు వివరాలు సగం కొట్టి, ఉగ్గాని తినడానికి పోయినాడు. ట్రాన్సాక్షను తెరిచే ఉంది. ఇవతల చంద్రగిరాయన 204 నొక్కితే స్క్రీను మీద చక్రం తిరగడం మొదలయింది. ఒరాకిల్ లాంటి డేటాబేసయితే ఇట్లాంటప్పుడు ఊరికే ఎదురుచూస్తుంది, ఎవరో వచ్చి వదిలేదాకా. మైసీక్వెల్ ఇన్నోడీబీ మామూలుగా 50 సెకన్లు చూసి, ఇక నావల్ల కాదని ఎర్రర్ ఇస్తుంది. మా మామది రెండో రకం. 50 సెకన్లంటే చదవడానికి తక్కువగానే ఉంటుంది. లగేజీ మోసుకొచ్చిన ఎనిమిదిమంది, వాళ్లలో ఒక పసిబిడ్డ, ఒక ముసలామె మీ కౌంటరు ముందు నిలబడి ఉంటే ఆ 50 సెకన్లకు ఒక యుగం పేరు పెట్టొచ్చు.

"తిరగతా ఉండాది అబ్బయ్యా, ఏం చేసేది?" అని ఫోను.

అట్లాంటప్పుడు 'నో వెయిట్' అనవచ్చు. ఎదురుచూడను, ఎవరి చేతిలోనైనా ఉంటే వెంటనే చెప్పెయ్ అని అర్థం. ఒరాకిల్ వెంటనే 'బిజీ' అని ఓఆర్‌ఏ 00054 ఎర్రర్ పడేస్తుంది. కౌంటరు దగ్గర అదీ పని చేయదు. మనిషి మొహం మీద 'బిజీ' అంటే వాడు ఎదురు లాడ్జికి పోతాడు. చివరికి లాడ్జికి తగిన మందు 'స్కిప్ లాక్డ్'లో దొరికింది. తాళం పడినవాటిని వదిలేసి, పడని వరసల్లో మొదటిది ఇవ్వమని అడగడం. పోస్ట్‌గ్రెస్‌కు 9.5లో, మైసీక్వెల్‌కు 8.0లో వచ్చింది ఇది. దీని అర్థం చెప్పగానే చంద్రగిరాయన నవ్వినాడు. "ఇదేముందబ్బా, నలభై ఏండ్లుగా నేను చేస్తా ఉండేది ఇదే గదా. ఆ రూము వద్దులే సామీ, దాని పక్కది ఇస్తానంటే ఎవురొద్దంటారు?"

నిజమే. వచ్చినవాడికి కావలసింది రూము, 204 కాదు. కంప్యూటరు మాత్రం 204 కోసం ప్రాణాలు తీస్తుంది. అయితే 204 కోసమే వచ్చేవాళ్లూ ఉన్నారు. నంబరు అంకెలన్నీ కూడితే ఆరు రావాలనేవాళ్లు, పోయినసారి ఈ రూములో దిగినాకే బిడ్డకు సీటు వచ్చిందనేవాళ్లు. వీళ్లకు స్కిప్ లాక్డ్ పనికిరాదు. క్యూలో నిలబడవలసిందే.

పక్కపక్క రూములు రెండు కావాలనేవాళ్లతో ఇంకో తలనొప్పి. ఒక కౌంటరు 204 పట్టుకుని 205 కోసం చూస్తుంటే, ఇంకొకటి 205 పట్టుకుని 204 కోసం చూస్తుంటుంది. ఇద్దరూ వదలరు, ఇద్దరూ కదలరు. దీన్ని డెడ్‌లాక్ అంటారు. మా జిల్లాలో అన్నదమ్ముల పొలం పంపకాల్లో ఇది తరాలు నడుస్తుంది. డేటాబేసుకు అంత ఓపిక లేదు. పోస్ట్‌గ్రెస్ ఒక సెకను చూసి, ఇది ముడిపడిందని గుర్తించి, ఇద్దరిలో ఒకరి ట్రాన్సాక్షనును రద్దు చేసి పారేస్తుంది. మందు చాలా తేలిక. ఎవరైనా సరే చిన్న నంబరు నుంచి పెద్ద నంబరుకు వరసగా పట్టుకోవాలని కట్టడి చేస్తే ముడి పడదు. ఆ కట్టడి రెండు కౌంటర్లకూ పెట్టినాను. పీలేరు అబ్బోడు దాన్ని శకునంగా తీసుకుని, ఇప్పుడు బస్సులో టికెట్లు కూడా చిన్న సీటు నంబరు నుంచే అడుగుతున్నాడు.

పెళ్లివారు ఫ్లోరంతా కావాలని వస్తే ఏమిటి కథ? ఇరవై రూములకూ ఒక్కొక్కటిగా తాళం వేయాలా, ఫ్లోరుకు ఒకే తాళం వేయాలా? ఫ్లోరుకు వేస్తే, అప్పటికే లోపల ఒక రూము ఎవరి చేతిలోనో ఉంటే ఎట్లా తెలుస్తుంది? ఈ ప్రశ్నను 1970లలో ఐబీఎం సాన్ హోసే ప్రయోగశాలలో జిమ్ గ్రే, ఆయన తోటివాళ్లు కూర్చుని తేల్చినారు. 1976లో వచ్చిన వాళ్ల పత్రం సారాంశం ఇది. రూముకు తాళం వేసేవాడు ముందు లాడ్జి గుమ్మానికీ, తర్వాత ఫ్లోరు గుమ్మానికీ 'లోపల పని ఉంది' అని ఒక చీటీ తగిలించి లోపలికి పోవాలి. ఫ్లోరంతా కావాలనేవాడు ఆ చీటీ ఒక్కటి చూస్తే చాలు, రూము రూముకూ పోయి తలుపు కొట్టక్కర్లేదు. గ్రేకు 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మా మామ లాడ్జిలో ఆ చీటీ పద్ధతి పనికొస్తుందని ఆయన అనుకుని ఉండడు.

అసలు లాకే వద్దనే బడి ఒకటుంది. 1981లో కుంగ్, రాబిన్సన్ అనే ఇద్దరు రాసిన పత్రం వాళ్లకు గ్రంథం. ఎవరినీ ఆపొద్దు, అందరూ పని చేసుకోనీ, కమిట్ చేసే, అంటే పని ఖాయం చేసే, క్షణంలో మాత్రం మధ్యలో ఎవరైనా మార్చినారా అని చూడు. హైబర్నేట్‌లో వరసకు వెర్షన్ అని ఒక అంకె పెడతారు. చదివినప్పుడు 7 ఉంటే, రాసేటప్పుడు కూడా 7 ఉంటేనే రాసి 8 చేస్తుంది. లేకుంటే నీ దగ్గరున్నది పాచిదని ముఖం మీద చెప్తుంది. తాళాలు లేవు, ఎదురుచూపులు లేవు, ఉగ్గాని తిని వచ్చినా ఎవరికీ నష్టం లేదు. గుద్దుకోవడం అరుదైన చోట ఇంతకంటే మంచిది లేదు. కానీ ఏకాదశి రోజు అరుదు అనే మాటకు చోటెక్కడిది? చంద్రగిరాయన రెండు వేళ్లతో పదిమంది పేర్లూ, వయసులూ, చిరునామా, అడ్వాన్సూ అన్నీ కొట్టి ఎంటర్ నొక్కితే, వేరొకరు మార్చేసినారు, మళ్లీ మొదలుపెట్టండి అంటుంది. మొదటిసారి ఆయన ప్రోగ్రామును తిట్టినాడు. రెండోసారి నన్ను. మూడోసారి ఫోను చేసి, తిట్లలో మా పూర్వీకులను కూడా కలిపినాడు.

మామకు చివరికి అన్నీ కలిపి వండి పెట్టినాను. వరస మీద తాళం ఒక రెప్పపాటు మాత్రమే. మనిషి ఆలోచించే టైములో డేటాబేసు తాళం పట్టుకుని కూర్చోకూడదు. కాబట్టి రూముకు ఖాళీ, నిండింది అనే రెండు స్థితులతోపాటు 'ఒకరు చూస్తున్నారు, ఫలానా టైము దాకా' అని మూడోది పెట్టినాను. 'గంటాగి రాండి' అనే పాత జవాబుకు పట్టికలో ఒక కాలమ్ దొరికిందన్నమాట. ప్రతినెలా 24న ఉదయం 10 గంటలకు 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే వేళ ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంటుంది కదా, ఆన్‌లైన్ టికెట్టు ఏదైనా ఇదే కథ. డబ్బు కట్టేలోపు స్లాటును కొన్ని నిమిషాలు మన పేరున పక్కన పెట్టాలి, గడువు దాటితే దానంతట అదే వదిలేయాలి. ఆ గడువును మెమరీలో పెట్టుకుంటే సర్వరు ఆగినప్పుడు అదీ పోతుంది, డేటాబేసులో రాసుకుంటే నిలుస్తుంది. మామ మాత్రం గడువు 15 నిమిషాలు చాలంటే ఒప్పుకోలేదు. "ఏటీఎంలో క్యూ ఉంటాదబ్బా, అరగంట పెట్టు" అన్నాడు. పెట్టినాను.

రెండో కౌంటరులోని డూప్లికేటు చెవుల గుత్తిని మాత్రం నేనే తీసి గోనెసంచిలో మూట కట్టించినాను. ప్రోగ్రాములో ఎన్ని తాళాలు వేసినా, రోడ్డవతల ఇంకో చెవి ఉన్నంతకాలం నిజామాబాదు పెద్దాయనలకు భద్రత లేదు.

మొన్న ఒక కంపెనీ కుర్రాడు టై కట్టుకుని, ల్యాప్‌టాప్ తెరుచుకుని వచ్చినాడు. కొత్త సాఫ్ట్‌వేరు, ఫోనులోనే బుకింగు, ఆన్‌లైన్ సైట్లన్నిటికీ తగిలిస్తాం అన్నాడు. మామ కాఫీ తెప్పించినాడు.

"మొత్తం ఇన్ మెమరీ సార్. డేటాబేసు దాకా పోయే పనే లేదు. లాకులు కూడా మెమరీలోనే. మిల్లీసెకన్లలో పని."

మామ గ్లాసు కింద పెట్టి, నా వైపు ఒకసారి చూసి, ఆ కుర్రాడి వైపు తిరిగినాడు.

"బాగుండాది నైనా. ఆ మెమరీ ఎన్ని ఉంటాయి?"

"సార్?"

"రోడ్డుకు ఇవతల ఒకటి, అవతల ఒకటి. ఆ సైట్లోళ్లవి నాలుగైదు. అందరిదీ ఒకే మెమరీనా, ఎవురిది వాళ్లదా?"

కుర్రాడు ల్యాప్‌టాప్‌లో ఏదో వెతికినాడు. ఆఫీసుకు ఫోను చేసి కనుక్కుంటానన్నాడు. చంద్రగిరాయన పక్కనుంచి, ఆ ఆన్‌లైనోళ్లకు మూడో ఫ్లోరులో నాలుగు రూములు కోటా ఇచ్చేస్తే పోతుంది గదా, వాళ్ల మెమరీ వాళ్లు చూసుకుంటారు అన్నాడు. మామకు ఆ మాట నచ్చింది. నాలుగు రూముల్లోనూ గీజరు పనిచేయనివి ఏవో కనుక్కుని రమ్మని పీలేరు అబ్బోడిని పంపినాడు.